గీటురాయి మీద సిద్ధాంతం

2014 అక్టోబరు 12, ఆదివారం. మధ్యాహ్నం వేళ విశాఖపట్నంలో గాలి ఆగింది. పొద్దున్నుంచీ చెట్లను వేళ్లతో సహా పెకలించి, రేకుల కప్పులను కాగితాల్లా ఎగరేసిన హుద్‌హుద్ తుఫాను ఉన్నట్టుండి నెమ్మదించింది. కిటికీ సందులోంచి బయటికి చూసిన మనిషికి అప్పుడు రెండు మాటలు తోస్తాయి. తుఫాను వెళ్లిపోయింది అన్నది ఒకటి. ఇప్పుడు మనం తుఫాను కన్నులో ఉన్నాం, సగమే అయింది, ఇంకో సగం వెనకాల వస్తోంది అన్నది రెండోది.

రెండు మాటలకూ ఆధారం ఒకటే: గాలి లేదు. ఆ ప్రశాంతతను ఎంత శ్రద్ధగా గమనించినా, ఎన్నిసార్లు తలుపు తీసి చూసినా, ఏది నిజమో తేలదు. ఆ రెండూ విడిపోయేది తర్వాతి గంటలో. మొదటి మాట నిజమైతే గాలి ఇక లేవకూడదు. రెండోది నిజమైతే లేవాలి, అదీ ఏ వైపు నుంచో కూడా ముందే చెప్పొచ్చు. మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. కాబట్టి సముద్రం మీంచి పడమర వైపుకు కదిలే సుడిలో ముందు భాగం ఊరి మీదికి వచ్చినప్పుడు గాలి ఉత్తరం వైపు నుంచి వీస్తుంది. కన్ను దాటాక వెనక భాగం దక్షిణం వైపు నుంచి కొడుతుంది. ఆ రోజు విశాఖలో గాలి మళ్లీ లేచింది, ఎదురు వైపు నుంచే లేచింది.

ఒక సిద్ధాంతాన్ని పరీక్షించడం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఒక పరిశీలన ఒక సిద్ధాంతాన్ని బలపరిచింది అని ఎప్పుడు అనగలం? చాలామంది చెప్పే జవాబు, సిద్ధాంతం చెప్పినట్టు జరిగినప్పుడు అని. ఈ జవాబు సగమే. మధ్యాహ్నపు ప్రశాంతత రెండు మాటలతోనూ కలిసింది, అందుకే అది దేన్నీ బలపరచలేదు. తిరగబడ్డ గాలి ఒక్కదానితోనే కలిసింది, అందుకే అది ఆధారమైంది. సిద్ధాంతానికీ లోకానికీ పొంతన కుదరడం ఒక్కటే చాలదు. పోటీలో ఉన్న ఇంకో సిద్ధాంతం అక్కడ వేరే మాట చెప్పి ఉండాలి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే, వందేళ్లుగా విజ్ఞాన తత్వశాస్త్రంలో నడుస్తున్న చర్చలో చాలా భాగం సులువుగా అర్థమవుతుంది.

నిప్పు లేనిదే పొగ రాదు అంటాం. ఈ సామెతను మన తార్కికులు శతాబ్దాల పాటు అటూ ఇటూ తిప్పి చూశారు. తెలుగునాట పుట్టి కాశీలో స్థిరపడిన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం ఇప్పటికీ తర్కం నేర్చుకునేవాళ్లకు మొదటి పుస్తకం. అందులోనూ కొండ మీది పొగే ప్రధాన ఉదాహరణ. పొగ ఉంటే నిప్పు ఉన్నట్టే. మరి నిప్పు ఉంటే పొగ ఉన్నట్టేనా? కాదు. ఎర్రగా కాలిన ఇనప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుతో పాటు తడి కట్టె కూడా ఉండాలి. బయటికి కనబడకుండా వెనకాల పని చేసే ఈ షరతుకు వాళ్లు పెట్టిన పేరు ఉపాధి. ఇవాళ ఏ మందు పనిచేసిందో, ఏ పథకం ఫలించిందో తేల్చాల్సినవాళ్లకు అన్నిటికన్నా పెద్ద తలనొప్పి ఈ తడి కట్టెను కనిపెట్టడమే.

సిద్ధాంతం నిజమైతే ఫలానాది జరగాలి, అది జరిగింది, కాబట్టి సిద్ధాంతం నిజం. ఈ వాదన బడి పిల్లలకు కూడా పట్టుబడే తప్పు. వాన పడితే రోడ్డు తడుస్తుంది. రోడ్డు తడిసి ఉంది. వాన పడిందనా, నీళ్ల ట్యాంకర్ కారిందనా? విచిత్రం ఏమిటంటే, సైన్స్‌లో జరిగే నిర్ధారణ అంతా పైకి ఈ రూపంలోనే ఉంటుంది. మరి అది తప్పు ఎందుకు కాదో చెప్పగలగాలి.

తత్వవేత్త కార్ల్ హెంపెల్ 1945లో ఈ చిక్కును ఇంకో కొసకు లాగి చూపించాడు. కాకులన్నీ నల్లగా ఉంటాయి అన్నది మన సిద్ధాంతం అనుకుందాం. దాన్నే తిప్పి చెబితే, నల్లగా లేనిదేదీ కాకి కాదు. రెండు వాక్యాల అర్థం ఒకటే. నల్ల కాకి కనబడితే మొదటి వాక్యానికి బలం చేకూరుతుంది కదా. అయితే నల్లగా లేని, కాకి కాని ఏ వస్తువు కనబడినా రెండో వాక్యానికి బలం రావాలి. అంటే ఫిషింగ్ హార్బర్లో బుట్ట నిండా ఉన్న రొయ్యలను చూసి కాకుల రంగు గురించి మన నమ్మకం పెంచుకోవచ్చన్న మాట. తర్కంలో ఎక్కడా లోపం లేదు, కానీ మనసు ఒప్పుకోదు.

ఎందుకు ఒప్పుకోదు? రొయ్యల బుట్టలో తెల్ల కాకి దొరికే అవకాశమే లేదు. ఓడిపోయే వీలు లేని చోట వెతికాం. అదే కాకులు వాలే చెత్తకుప్ప దగ్గర నిలబడి ఒక్కో కాకినీ చూస్తే, తెల్లది ఉంటే అక్కడే బయటపడేది. నల్లగా లేని వస్తువులు లోకంలో లెక్కలేనన్ని ఉన్నాయి కాబట్టి, వాటిలో ఒకదాన్ని చూడటం వల్ల వచ్చే బలం సున్నాకు దగ్గరగా ఉంటుందని లెక్క వేసి చెప్పినవాళ్లూ ఉన్నారు. ఎలా చెప్పినా సారం ఒకటే. ఆధారం ఎంత కలిసిందని కాదు, ఎక్కడ వెతికితే దొరికిందని అడగాలి.

ఇంకో తత్వవేత్త కార్ల్ పాపర్ 1934లో అచ్చయిన పుస్తకంలో దీన్నే సైన్స్‌కు సరిహద్దు గీతగా గీశాడు. సిద్ధాంతాన్ని రుజువు చేయలేం, ఖండించగలం. కాబట్టి ఏం జరిగితే తాను తప్పో ముందే చెప్పగలిగినదే శాస్త్రీయ సిద్ధాంతం. ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో కొన్ని ప్రాంతాల్లో అతివృష్టి, కొన్ని ప్రాంతాల్లో అనావృష్టి అని వింటాం. ఏ ఏడాదైనా ఆ మాట తప్పదు. తప్పే వీలు లేకపోవడం వల్లే అది మనకు ఆ ఏడాది గురించి కొత్తగా ఏమీ చెప్పదు. హుద్‌హుద్ ఇంకా సముద్రం మీద ఉండగానే వాతావరణ శాఖ ఊరి పేరు, తేదీ చెప్పింది. విశాఖ దగ్గర, 12వ తేదీన. అది గోపాల్‌పూర్‌కో కాకినాడకో మళ్లి ఉంటే ఆ అంచనా అందరి కళ్ల ముందూ ఓడిపోయేది. అంత తెగించి చెప్పిన మాట నిలబడింది కాబట్టే దానికి విలువ.

పాపర్‌కు ఈ ఆలోచన ఇచ్చిన వాటిలో 1919 మే 29 నాటి సూర్యగ్రహణం ముఖ్యమైనది. సూర్యుడి అంచును రాసుకుంటూ వచ్చే నక్షత్రకాంతి ఎంత వంగుతుంది? న్యూటన్ దారిలో లెక్క వేస్తే 0.87 ఆర్క్‌సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను), ఐన్‌స్టీన్ లెక్కలో దానికి రెట్టింపు, 1.75. బ్రెజిల్‌లోని సొబ్రాల్ నుంచీ ఆఫ్రికా పక్కనున్న ప్రిన్సిపె దీవి నుంచీ తీసిన ఫొటోలు ఐన్‌స్టీన్ వైపు మొగ్గాయి. కాంతి వంగిందా లేదా అని మాత్రమే చూసి ఉంటే ఇద్దరూ గెలిచేవాళ్లు. ఎంత వంగింది అని కొలవడం వల్లే అది పరీక్ష అయింది.

అయితే పాపర్ గీత ఒక చోట అరిగిపోతుంది. వాన పడే అవకాశం 70 శాతం అన్నారు, పడలేదు. అంచనా తప్పిందా? ఆ ఒక్క రోజుతో చెప్పలేం. 70 శాతం అని చెప్పిన రోజులన్నిటినీ ఒక చోట వేసి, వాటిలో సుమారు నూటికి డెబ్బై రోజులు వాన పడిందో లేదో చూడాలి. అవకాశాల భాషలో మాట్లాడే సిద్ధాంతాలకు ఒక్క దెబ్బతో ఖండన ఉండదు. ఇవాళ వైద్యం, వాతావరణం, ఆర్థికం అన్నీ ఆ భాషే మాట్లాడుతున్నాయి. కాబట్టి ఇది చిన్న లోటు కాదు.

ఇంతకన్నా లోతైన చిక్కు ఇంకొకటుంది. దాన్ని చూడటానికి విశాఖ వన్‌టౌన్‌లో కురుపాం మార్కెట్ వీధి చాలు.

పాత గొలుసు అమ్మడానికి తెచ్చినప్పుడు కంసాలి దాన్ని నల్లటి గీటురాయి మీద ఒకసారి రాస్తాడు. పచ్చటి గీత పడుతుంది. ఆ గీతను ఒంటరిగా చూసి ఆయన ఏమీ చెప్పడు. దాని పక్కనే, ముందే వన్నె తెలిసిన బంగారపు పుల్లతో ఇంకో గీత గీస్తాడు. రెంటి మీదా ఆసిడ్ చుక్క పడుతుంది. రాగి, వెండి ఎక్కువగా కలిసిన గీత కరిగి వెలిసిపోతుంది, మేలిమి నిలుస్తుంది. రెండు గీతలూ ఒకే తీరుగా నిలిస్తే వన్నె ఒకటే. మనం మొదట్లో చెప్పుకున్న సూత్రమే ఆయన చేతిలో ఉంది: ఆధారం అంటే పోలిక.

కానీ గీత పడింది గొలుసు పైపొరది. గొలుసు గిల్టుదైతే? గీటురాయి మీద గీత మేలిమి బంగారంలాగే నిలుస్తుంది, లోపల రాగి ఉంటుంది. అంటే కంసాలి పరీక్షిస్తున్నది ఇది బంగారం అన్న ఒక్క మాటను కాదు. పైన ఉన్నదే లోపలా ఉంది, ఆసిడ్ పాతబడలేదు, ఆ పుల్ల వన్నె నిజమైనదే అనే మాటలన్నీ కలిపి ఒక మూటను పరీక్షిస్తున్నాడు. గీత వెలిసిపోయినా అంతే. తప్పు గొలుసుదా, ఆసిడ్‌దా, పుల్లదా? మూట ఓడిందని తెలుస్తుంది, మూటలో ఏది ఓడిందో ఆ గీత చెప్పదు.

ఫ్రెంచ్ భౌతికశాస్త్రవేత్త పియెర్ డ్యూహెమ్ 1906లో భౌతికశాస్త్రం గురించి చెప్పింది సరిగ్గా ఇదే. 1951లో అమెరికన్ తత్వవేత్త క్వైన్ దీన్ని ఇంకా విస్తరించాడు. 2011 సెప్టెంబరులో ఇది మళ్లీ కళ్లకు కట్టింది. జెనీవా దగ్గర సెర్న్ ప్రయోగశాల నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో ప్రయోగశాలకు సుమారు 730 కిలోమీటర్లు ప్రయాణించిన న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలు కాంతి కన్నా 60 నానోసెకన్లు ముందే చేరాయని ఒపెరా ప్రయోగ బృందం ప్రకటించింది. పాపర్ మాటను అక్షరాలా పట్టుకుంటే కాంతిని మించిన వేగం లేదనే సాపేక్ష సిద్ధాంతాన్ని ఆ రోజే పక్కన పెట్టాలి. ఎవరూ పెట్టలేదు. మూటలో ఏ ముడి వదులైందో వెతికారు. సరిగ్గా బిగించని ఒక ఫైబర్ కేబుల్ దొరికింది. 2012లో అదే చోట ఇకారస్ ప్రయోగం కొలిస్తే న్యూట్రినోలు కాంతి వేగంతోనే వచ్చాయని తేలింది.

మూట చిక్కుకు కంసాలి దగ్గర మందు ఉంది. అనుమానం వస్తే ఆకురాయితో గొలుసు మీద ఒక చోట లోతుగా రాచి, ఆ లోపలి భాగాన్ని మళ్లీ గీటురాయికి పెడతాడు. పైన ఉన్నదే లోపలా ఉంది అన్న మాటను మూటలోంచి తీసి విడిగా పరీక్షించాడన్న మాట. ఇవాళ షాపుల్లో వాడే ఎక్స్‌రే మెషిన్ కూడా పైపొరనే చదువుతుంది, కాబట్టి ఈ పని అప్పుడూ తప్పదు. హాల్‌మార్కింగ్ కేంద్రాల్లో ముక్క కత్తిరించి కొలిమిలో కరిగించి చూసేది కూడా ఇందుకే.

ఇక్కడే చిన్న లెక్క వేసి చూడొచ్చు. అంకెలు ఊరికే అనుకున్నవి. ఎన్నో ఏళ్లుగా తెలిసిన కుటుంబాలు తెచ్చే వంద గొలుసుల్లో 10 గిల్టువనీ, కొత్త ముఖాలు తెచ్చే వందలో 50 గిల్టువనీ అనుకుందాం. అసలు బంగారమంతా పైగీత పరీక్ష నెగ్గుతుంది. గిల్టు గొలుసుల్లోనూ నూటికి 80 నెగ్గుతాయి. తెలిసినవాళ్ల గొలుసుల్లో నెగ్గినవి 98, వాటిలో గిల్టువి 8. కొత్తవాళ్లవాటిలో నెగ్గినవి 90, గిల్టువి 40. గీత ఒకటే, దాన్ని చూశాక కలగాల్సిన నమ్మకం వేరు. ఇప్పుడు లోతుగా రాచి చూస్తే గిల్టువాటిలో నూటికి 2 మాత్రమే తప్పించుకుంటాయి అనుకుందాం. కొత్తవాళ్ల గొలుసుల్లో నెగ్గినవి 51, గిల్టుది 1. ముందున్న అనుమానం ఎంత పెద్దదైనా, గట్టి పరీక్ష దాన్ని దాదాపు తుడిచేసింది.

ఇంగ్లిష్ గణితవేత్త థామస్ బేస్ చనిపోయాక 1763లో అచ్చయిన వ్యాసం నుంచి పెరిగిన లెక్క ఇది. బేస్ పేరుతో నడిచే తత్వవేత్తలు నిర్ధారణ అంతా ఇదేనంటారు: ముందున్న నమ్మకాన్ని ఆధారం ఎంత మేరకు మార్చాలో చెప్పడం. ముందు నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే వాళ్ల జవాబు అంత బలంగా ఉండదు. అయినా పరీక్ష నెగ్గడానికీ నమ్మదగినది కావడానికీ మధ్య ఉన్న దూరాన్ని ఇంత తేటగా చూపించిన పద్ధతి వేరే లేదు.

ఇక ఒకే రకమైన వాదన ఒకసారి నిజానికీ ఇంకోసారి అబద్ధానికీ ఎలా తీసుకెళ్తుందో చూడాలంటే గుంటూరు వెళ్లాలి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఖగోళవేత్త పియెర్ జాన్సెన్ గుంటూరులో పరికరాలు పెట్టుకుని సూర్యుడి అంచున ఎగసే మంటల కాంతిని వర్ణపటంగా విడదీశాడు. వేడెక్కిన ప్రతి మూలకమూ వర్ణపటంలో తనకే సొంతమైన గీతలు చూపిస్తుంది. సూర్యుడి మంటల కాంతిలో ఒక పసుపు గీత కనబడింది. మొదట అది సోడియం గీత అనిపించేదే. కానీ సోడియం గీతలు ఉండేది 589.0, 589.6 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర. ఇది 587.6 దగ్గర ఉంది. ఇంగ్లండ్‌లో ఖగోళవేత్త నార్మన్ లాకియర్ అదే గీతను విడిగా చూసి, భూమ్మీద తెలియని మూలకం అన్నాడు. పేరు హీలియం.

మరుసటి ఏడాది, 1869 గ్రహణంలో, సూర్యుడి చుట్టూ ఉండే పలుచని వాయుపొర, కరోనా నుంచి ఒక ఆకుపచ్చ గీత దొరికింది. దాన్ని కూడా తెలిసిన ఏ మూలకానికీ జత చేయలేకపోయారు. అదే వాదనతో, అదే ధైర్యంతో ఇంకో కొత్త మూలకం అన్నారు. పేరు కరోనియం.

1868, 1869లలో నిలబడి చూస్తే ఈ రెంటికీ తేడా లేదు. తేడా ఆ తర్వాత వచ్చిన పరీక్షల్లో ఉంది. 1895లో రసాయన శాస్త్రవేత్త విలియం రామ్సే యురేనియం ఖనిజం నుంచి వెలువడిన వాయువులో అదే పసుపు గీతను చూశాడు. హీలియం సీసాలోకి వచ్చింది, దాని బరువు తూచారు, అది దేనితోనూ కలవదని తెలుసుకున్నారు. సూర్యుడి గీతతో సంబంధం లేని దారుల్లో వచ్చిన ఆధారాలు ఒక చోట కలిశాయి. కరోనియానికి అలాంటి రెండో ఆధారం ఎప్పుడూ రాలేదు. 1913లో భౌతికశాస్త్రవేత్త మోస్లీ మూలకాలకు వరుస సంఖ్యలు ఇచ్చాక, కరోనియాన్ని కూర్చోబెట్టడానికి ఖాళీ కుర్చీ కూడా మిగల్లేదు. చివరికి 1939 తర్వాత గ్రోట్రియన్, ఎడ్లెన్ అనే శాస్త్రవేత్తలు తేల్చినదేమిటంటే, ఆ ఆకుపచ్చ గీత మనకు బాగా తెలిసిన ఇనుముదే, 13 ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఇనుము. ఇనుము అన్ని ఎలక్ట్రాన్లు పోగొట్టుకోవాలంటే కరోనా వేడి పది లక్షల డిగ్రీల స్థాయిలో ఉండాలి. అంత వేడి ఉంటుందని అంతకు ముందు ఎవరూ అనుకోలేదు. మూటలో తప్పిన మాట అదీ. తెలిసిన మూలకాలన్నీ ఎలాంటి గీతలు ఇస్తాయో మనకు తెలుసు అన్న నమ్మకం, ల్యాబ్‌లో సాధ్యమయ్యే వేడి వరకే నిజం.

కరోనియం అన్నవాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు, వాళ్ల పద్ధతిలో మోసం లేదు. అందుకే ఈ కథ ముఖ్యం. ఒక పరిశీలనతో కుదిరిన సిద్ధాంతాన్ని ఎంతవరకు నమ్మాలి అన్నదానికి జవాబు ఆ పరిశీలన లోపల ఉండదు. వేరే దారిలో, వేరే మూటతో వచ్చే పరీక్ష కోసం ఎదురు చూడాలి. యురేనస్ దారి తప్పుతోందని ఫ్రెంచ్ ఖగోళవేత్త లవెరియే కనబడని గ్రహాన్ని (నెప్ట్యూన్) ఊహించినప్పుడు, 1846లో బెర్లిన్ దూరదర్శిని దాన్ని ఆయన చెప్పిన చోటుకు ఒక డిగ్రీ లోపలే పట్టుకుంది. బుధుడి కక్ష్యలో కనబడిన తేడా కోసం ఆయనే ఊహించిన వల్కన్ అనే గ్రహం ఎప్పటికీ దొరకలేదు, ఆ తేడాను 1915లో ఐన్‌స్టీన్ సమీకరణాలు తీర్చాయి. విజ్ఞాన తత్వవేత్త ఇమ్రె లకతోష్ అందుకే సిద్ధాంతానికి అతుకు వేయడాన్ని తప్పు పట్టలేదు. ఆ అతుకు కొత్తగా ఏదైనా కనిపెట్టిందా అని అడిగాడు.

ప్రయోగం చేసే వీలే లేని చోట ఇదంతా ఎలా పనిచేస్తుంది? విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఆ ప్రశ్న వేస్తూ నిలబడి ఉన్నాయి. ఆ ఎర్ర ఇసుకను అక్కడికి తెచ్చింది సముద్రమా, వాగులా, గాలా, పక్క కొండల నుంచి జారిన మట్టా అని భూవిజ్ఞానులు చాలాకాలంగా వాదించుకుంటున్నారు. సుమారు 20 వేల ఏళ్ల కిందట, మంచుయుగం ముదిరినప్పుడు, సముద్ర మట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. ఆరిన తీరపు ఇసుక గాలికి ఎగిరి దిబ్బ కట్టిందనడం నమ్మదగినట్టే ఉంటుంది. కానీ నమ్మదగినట్టు ఉండటం పరీక్ష కాదు. దిబ్బల్లో గవ్వలు కనబడకపోతే సముద్రం ఓడిపోయినట్టా? వేల ఏళ్ల వాన నీరు గవ్వల సున్నాన్ని కరిగించేసి ఉండొచ్చు, కాబట్టి ఆ లేమి రెండు వైపులా కలుస్తుంది. రంగు ఎర్రగా ఉండటమూ అంతే. ఇసుక చేరిన తర్వాత రేణువుల మీద పట్టిన ఇనుప తుప్పు, వాటిని తెచ్చిందెవరో చెప్పదు.

విడదీసే ప్రశ్న రేణువు లోపల ఉంది. ఇసుక రేణువు చివరిసారి ఎండను ఎప్పుడు చూసిందో కొలిచే పద్ధతి ఒకటుంది. గాలికి ఎగిరి వచ్చిన రేణువులన్నీ దారిలో బాగా ఎండ తింటాయి కాబట్టి, ఒకే పొరలో దొరికినవి దాదాపు ఒకే వయసు చెప్పాలి. బురద నీటిలో దొర్లి వచ్చినవాటిలో కొన్నిటికి ఎండ సరిగా తగలదు, వాటి వయసులు చెదిరిపోతాయి. దిబ్బ గోడలోకి వెలుతురు చొరని గొట్టాన్ని సుత్తితో దిగ్గొట్టి, మూత బిగించి, ల్యాబ్‌లో మసక ఎర్ర లైటు కింద తెరిచేది ఇందుకే. వయసులు చెదిరి ఉన్నా వాగు పని అని వెంటనే రాసేయరు. చీమలు పుట్ట పెట్టి, జీడిమామిడి వేళ్లు దిగి పై రేణువులను కిందికీ కింది రేణువులను పైకీ కలిపేశాయేమో ముందు చూడాలి.